వేడి చేసిందనుకున్నారు

"మౌలాలి దగ్గరికి వెళ్తున్నా" అంటే మా స్కూల్లో కొత్తగా చేరిన టీచర్లు, "కారు రిపేరుకి అంత దూరం ఎందుకండీ?" అనేవారు. మా మౌలాలి ఊరు కాదు, మనిషి. అసలు పేరు మౌలా అలీ. ముగ్గురు పిల్లలు పోయాక మౌలాలి అనే ఊళ్ళో కొండమీది దర్గాకి వాళ్ళమ్మ మొక్కుకుంటే పుట్టాడట. చిలకలగూడలో రేకుల షెడ్డు, దాని వెనకే రెండు గదుల ఇల్లు. ఇంట్లో భార్య నూర్‌బీ. పిల్లల్లేరు. ఇద్దరూ ఒకరినొకరు పిల్లల్లా సాకుతూ ఉండేవారు. నేను చూసిన మొగుడూపెళ్ళాల్లో పొద్దున లేవగానే ఒకరి మొహం ఒకరు చూసి నవ్వుకునేవాళ్ళు వాళ్ళిద్దరే. మా ఇంట్లో ఆ భాగ్యం లేదు. మా ఆయనకి పేపరు కావాలి, నాకు కాఫీ కావాలి.

మౌలాలి లారీల వైరింగు చేస్తూ పని నేర్చుకున్నాడు. కార్లలోకి కంప్యూటర్లు వచ్చాక అతని ఈడు మెకానిక్కులు చాలామంది "ఇవి మనవల్ల కాదు" అని చేతులెత్తేశారు. ఇతను మాత్రం ఒక స్కానర్ కొనుక్కున్నాడు. దాన్ని డబ్బా అనేవాడు. కారుకి తగిలిస్తే ఎక్కడ ఏ లోపం ఉందో అది చెబుతుంది. కానీ దాని మాట ఒక్కటే పట్టుకుని పని మొదలుపెట్టడం అతనికి ఇష్టం ఉండదు. "డబ్బా చెప్పింది వినాలె, చెయ్యి చెప్పింది నమ్మాలె" అంటాడు. జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు ప్రతి బండినీ ముందు అరచేత్తో ముట్టుకుని చూస్తాడు.

ఏడాదిగా అతనికి అరికాళ్ళ మంటలు. రాత్రిళ్ళు దుప్పట్లోంచి కాళ్ళు బయటపెట్టుకుని పడుకునేవాడు. అందరూ చెప్పింది ఒకటే, ఒంటికి వేడి చేసిందని. పొద్దస్తమానం ఇంజన్ల దగ్గర ఉండేవాడికి వేడి చెయ్యక చలువ చేస్తుందా? నూర్‌బీ మందు మొదలుపెట్టింది. పెద్ద స్టీలు గ్లాసు నిండా సబ్జా షర్బత్, పొద్దునొకటి, సాయంత్రమొకటి. నిమ్మకాయ పిండి, గ్లాసు అడుగున పేరుకునేంత చక్కెర వేసేది. "పని చేసే మనిషి, తీపి లేకుంటే బలమెట్లొస్తది?" అనేది. అతను కడ బొట్టు దాకా తాగి, మీసం తుడుచుకుని, స్వర్గమే అన్నట్టు "జన్నత్" అనేవాడు. మనిషేమో రోజురోజుకీ చిక్కిపోతున్నాడు. కడవెడు నీళ్ళు తాగినా దాహం తీరడం లేదు. చూశారా, ఒంట్లో వేడి ఎంత దాహం పుట్టిస్తోందో అని నూర్‌బీ గ్లాసు సైజు పెంచింది.

రాష్ట్రం ఒకటా రెండా అని ఊరంతా కొట్లాడుకుంటున్న రోజులవి. ఆ డిసెంబర్లో మా ఆయన జకర్యా, నా మాట వినకుండా, సెకండ్‌హ్యాండులో విదేశీ కంపెనీ డీజిల్ కారు కొన్నాడు. ఆయన లాలాగూడ వర్క్‌షాపులో రైలు పెట్టెలు బాగుచేస్తాడు గానీ కారంటే ఆమడ దూరం. నడిపేది నేనే. నెల తిరక్కుండానే డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. మెట్టుగూడ ఎత్తు మీద ఎంత తొక్కినా కదలదు. వెనక బస్సువాడి హారన్. క్రిస్మస్ ముందు నా నోటి నుంచి రాకూడని మాటలు చాలా వచ్చాయి.

"రాత్రికి బండి నా దగ్గర్నే ఉండనీ టీచరమ్మా. పొద్దుగాల రా. చల్లగున్నప్పుడే దాని నిజం తెలుస్తది," అన్నాడు మౌలాలి.

తెల్లారి నేను వెళ్ళేసరికి చలికి మఫ్లర్ చుట్టుకుని, చేతిలో షర్బత్ గ్లాసు పట్టుకుని నిల్చున్నాడు. ఆ చలిలో షర్బత్! నాకు చూస్తేనే పళ్ళు జివ్వుమన్నాయి. గ్లాసు ఖాళీ చేసి నూర్‌బీకిచ్చి, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం మాత్రం తిప్పి డబ్బా తగిలించాడు.

"పొగగొట్టంల వేడి చూసే సెన్సార్లు రెండున్నయ్. రాత్రంతా బండి చల్లారింది కద, గాలి, నీళ్ళు, పొగగొట్టం, అన్నీ ఇప్పుడు ఒకటే మాట చెప్పాలె. ఇగో, అన్నీ సరిగనే చెప్తున్నయ్. ఇదొక్కటి చూడు."

రెండో సెన్సార్ ఆరువందల డిగ్రీలు దాటి చూపిస్తోంది. అతను కారు కిందికి దూరి గొట్టం మీద అరచెయ్యి పెట్టాడు. నన్నూ ముట్టుకోమన్నాడు. మంచుగడ్డలా ఉంది.

"చేతికి చల్లగున్నది. డబ్బా కాల్తుందంటది. అంటే నడుమ ఉన్నోడు అబద్ధం చెప్తుండు. పాపం బండి వాని మాట నమ్మి, యాడ కాలిపోతనో అని భయపడి నడుస్తలేదు."

నాకు నవ్వొచ్చింది. గుమ్మంలో నిల్చున్న నూర్‌బీ మాత్రం నవ్వలేదు. ఖాళీ గ్లాసు పట్టుకుని ఏదో ఆలోచిస్తోంది.

నడుమ ఉన్నది తీగ కావచ్చు, సెన్సార్ కావచ్చు. మీటరు పెట్టి తీగ చూశాడు. బాగానే ఉంది. సెన్సార్ విప్పి బయటికి తీశాడు. చిటికెన వేలంత ఇనుప ముక్క. "జెర వేడినీళ్ళు తే నూర్‌బీ, పరీక్ష చేద్దాం. మంచిదైతే వేడి తగలంగనే ముల్లు లేస్తది," అన్నాడు.

ఆమె పట్టకారుతో గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. అతను సెన్సార్‌ని మీటరుకి కలిపి, మొన నీళ్ళలో ముంచి, మీటరు వైపే చూస్తున్నాడు. ముల్లు కదల్లేదు.

"చూసినవా, ఏం మారలే. తీగెది తప్పు లేదు. సెన్సారే చచ్చింది," అన్నాడు సంతోషంగా.

నేను చూస్తోంది మీటరు కాదు. గిన్నెలోంచి ఆవిరి సుళ్ళు తిరుగుతోంది. సెన్సార్‌తో పాటు అతని మూడు వేళ్ళూ నీళ్ళలోనే ఉన్నాయి.

"చెయ్యి! మౌలాలి భాయ్, చెయ్యి తియ్యండి!" అని అరిచాను.

నూర్‌బీ గబుక్కున వచ్చి అతని చెయ్యి లాగింది. వేళ్ళు మెత్తబడి ఎర్రగా కమిలిపోయాయి. అతను మా ఇద్దరినీ వింతగా చూశాడు.

"ఏమైందీ? గోరువెచ్చగనే ఉన్నయ్ కదనే."

"పొయ్యి మీదికెళ్ళి ఇప్పుడే దించిన," అంది నూర్‌బీ. 

బకెట్లో చన్నీళ్ళు తెచ్చి అతని చెయ్యి అందులో పెట్టాను. ఆమె కింద కూచుని, అతని చెప్పులు విప్పి, రెండు పాదాలూ ఒళ్ళోకి తీసుకుంది. పరాయిదాన్ని నేనక్కడ ఉన్నానన్న సంగతే మర్చిపోయింది.

"ఇప్పుడు మండుతున్నయా?"

"ఎప్పుడూ ఉండేదే కద. నిప్పుల మీద పెట్టినట్టే ఉన్నయ్."

"నా చేతికి చల్లగున్నయ్. రాత్రి సుత చల్లగనే ఉన్నయ్. రోజూ పట్టి చూస్తనే ఉన్న." ఆమె తలెత్తి అతని మొహంలోకి చూసింది. "చేతికి చల్లగున్నయ్. నువ్వేమో కాల్తున్నయంటవు. మరి నడుమ అబద్ధం చెప్పేటోడు ఎవడయ్యా?"

 

ఆటో పిలిచి ఇద్దర్నీ ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అతని ఒంట్లో ఉన్నది వేడి కాదు, చక్కెర. ఎన్నాళ్ళ నుంచో ఉన్నదట. నరాలు దెబ్బతిన్నాయి. లేని మంటను ఉందంటాయి, ఉన్న మంటను లేదంటాయి. ఇంకా ఆలస్యం చేసి ఉంటే ఏ పుండో పడి కాలే తీసెయ్యాల్సి వచ్చేదని డాక్టరమ్మ కోప్పడింది. మందులతో ఇకమీదట చెడకుండా ఆపొచ్చుగానీ పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాటివ్వలేనంది. "దీనికి కొత్త సెన్సార్ దొరకదా అమ్మా?" అని అడిగాడు మౌలాలి. ఆవిడకి అర్థం కాలేదు. నాకు అర్థమై కళ్ళు తిప్పుకున్నాను.

బయట బెంచీ మీద నూర్‌బీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "చేతులార పోసిన. రోజుకు రెండు మార్లు, కలిపి కలిపి పోసిన."

అతను కట్టు కట్టిన చేత్తోనే ఆమె తల నిమిరాడు. "పిచ్చిదానా. చల్లదనం నీది. చక్కెర దుకాణపోనిది. వాన్ని తిడదాం పా."

ఏడుస్తూనే నవ్వింది. నాకు ఏ దేవుడి మీదో తెలియని కోపం వచ్చింది, ఆ తర్వాత తగ్గింది.

కొత్త సెన్సార్ వచ్చేసరికి వేళ్ళు మానాయి. అతనే బిగించాడు. ఈసారి షెడ్డులో ఒక పీట అదనంగా ఉంది, దాని మీద నూర్‌బీ. పక్కన షర్బత్ గ్లాసు కూడా ఉంది, సబ్జా ఉంది, నిమ్మ ఉంది, చక్కెర లేదు. తాగి మొహం చిట్లించి, "జన్నతే, కాకపోతే జెర దూరమైంది," అన్నాడు. కారు తీసుకెళ్ళి మెట్టుగూడ ఎత్తు ఎక్కించి తిరిగొచ్చాను. పసుపు లైటు లేదు, గుర్రంలా లాగింది.

డబ్బాలో అంకెలు చూసుకుని అతను అలవాటు కొద్దీ కారు కిందికి చెయ్యి చాపాడు. అతనికంటే ముందు నూర్‌బీ చెయ్యి అక్కడికి చేరింది. గొట్టానికి తగలకుండా బెత్తెడు దూరంలో ఆగింది.

"ఆగు. గరముంది."

"ఎంత గరం?"

"ఇప్పుడే వార్చిన అన్నం గిన్నంత."

ఆగమంటే ఆగే మనిషి కాడు మౌలాలి. ఆ రోజు ఆగాడు. స్పానర్ కింద పెట్టి పీట పక్కనే నేల మీద కూచున్నాడు. ఇద్దరూ ఏవో మాట్లాడుకున్నారు. ఇంటికి పోవాలన్న తొందర నాకూ లేకపోయింది. మధ్యమధ్య ఆమె చెయ్యి పెట్టి చూస్తోంది.

"ఇప్పుడు?"

"చాయ్ అంత."

మళ్ళీ కాసేపటికి, "ఇప్పుడు ముట్టుకో. పసిపిల్లకు తాపే పాలంత ఉంది," అంది.

అతను అరచెయ్యి గొట్టం మీద ఆనించాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే ఉంచాడు. అతని చేతికి ఏమీ తెలియడం లేదని మా ముగ్గురికీ తెలుసు.

"అవునే," అన్నాడు. "గంతే ఉంది."