ఎండిన చెరువులో మూడు దీపాలు

ఆ రోజుల్లో ఎడారి మా కోరుట్ల ఇంటికి వారానికొకసారి, శుక్రవారం పూట, ఫోనులో వచ్చేది. మా బాపు సౌదీలో ఒంటెలు మేపేవాడు (చుట్టాలకు మాత్రం ‘కంపెనీల పని’ అని చెప్పేవాళ్లం). "అక్కడ ఏముంది బాపూ?" అని నేను అడగ్గానే దీపాల సంగతి ఎత్తుకునేవాడు. పొద్దుగూకే వేళ ఇసుకలో దూరంగా మూడు దీపాలు కనిపిస్తాయట, దగ్గరికి పోతే దూరం జరుగుతాయట, తను ఒకసారి కర్ర పట్టుకుని వాటి వెంటబడ్డాడట. తొమ్మిదో తరగతిలో ఈ కథను నేను బెంచీ బెంచీకీ తిరిగి చెప్పాను. "మీ బాపు గప్పాలు కొడ్తున్నడే" అన్న పిల్లతో జడలు పట్టుకునేదాకా పోయింది వ్యవహారం. అప్పట్నుంచి నాకు ఒకటే పట్టుదల. దీపాలు నిజమని తేలాలి, లేకపోతే బడిలో తల ఎత్తుకోలేను.

ఆ ఎండాకాలం బాపు సెలవు మీద వచ్చాడు. సిరిసిల్లలో మా మేనత్తను చూసి, తెచ్చిన రగ్గు ఇచ్చి రావాలని చిన్నాయన (బాపు తమ్ముడు) ఆటోలో అందరం బయలుదేరాం. తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులు. ఊరు దాటామో లేదో, రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, వాటి మీద గుండిగలు. వంటావార్పు! "ఏడికి పోతున్నరు? దిగుండ్రి, తినిపోండ్రి" అన్నారు. బాపు చేత మూడుసార్లు జై తెలంగాణ అనిపించి (ఒంటెలను అదిలించే గొంతు, అందరూ తిరిగి చూశారు), పప్పూ బువ్వా పెట్టి, సాయంత్రానికి గానీ వదల్లేదు. అప్పుడు కూడా రోడ్డు ఇవ్వలేదు, ఎండిపోయిన చెరువులోంచి బండ్ల బాట చూపించారు.

చెరువు నడుమకు వచ్చేసరికి పొద్దుగూకింది. కరెంటు పోయినట్టుంది, ఏ ఊరి వెలుగూ లేదు. నెర్రెలు బారిన మట్టి తప్ప చుట్టూ ఏమీ లేదు. అప్పుడు కనిపించాయి. మూడు. తెల్లగా, మనిషి ఎత్తులో, ఒకదాని వెనక ఒకటి మెల్లగా కదులుతున్నాయి.

"బాపూ! గవే గదా?"

చిన్నాయన ఆటో ఆపాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "సప్పుడు చేయకుండ్రి, గవి మంచియి కావు" అంది. నేను ఊరుకుంటేనా! "నడు బాపూ, గప్పుడు ఎంటబడి పోయినవు గదా" అని చెయ్యి పట్టి లాగాను. ఇరవై అడుగులు వేశాం. అవీ అంత దూరం జరిగాయి. ఆగాం. ఆగాయి. సంతోషంతో నా ఒళ్లు ఝల్లుమంది. "చూసినవా బాపూ, నువ్వు చెప్పినట్టే ఉన్నయ్!"

బాపు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "నేను గిసొంటివి ఎన్నడు చూడలే బిడ్డా" అన్నాడు మెల్లగా.

"మరి ఫోన్ల చెప్పినవు?"

"ఏముంది బాపూ అని అడుగుతవు. దినాం ఒంటెలు, ఇసుక. గంతే అంటే ఫోను మీ అమ్మకిచ్చి ఉర్కుతవు. గందుకే చెప్పిన."

కాసేపటికి దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. అవి బ్యాటరీ లైట్లని చిన్నాయన ఇప్పటికీ వాదిస్తాడు. కుందేళ్ల వేటగాళ్లేమో అని నేను ఎన్ని రకాలుగా ఆలోచించినా తేల్చుకోలేకపోయాను. బడిలో మాత్రం ఎడారి దీపాలు మా బాపును వెతుక్కుంటూ వచ్చాయని చెప్పాను (ఎవరూ నమ్మలేదు). ఇప్పుడు అప్పటి నేనైన ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం కోపమూ వస్తుంది. ఆ దీపాలు ఏమిటని ఊరందరినీ అడిగింది. అక్కడ దినమంతా ఎవరితో మాట్లాడుతావు బాపూ అని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.