టీచరమ్మ ఎడమ భుజం

కాగితాలు చింపి అతికించడం నేర్చుకోవడానికి యాభై రెండో ఏట పంజాగుట్టలో ఒక మేడ మెట్లు ఎక్కాను. దాన్ని కొలాజ్ అంటారని ఇంట్లో చెబితే, "సదువుకున్నోళ్ళు చింపితె దానికి సుత ఒక పేరా?" అంది అమ్మ.

క్లాసులో మేం ఆరుగురం. నేర్పే అమ్మాయిది నాకు కూతురి వయసు, కోస్తా మాట.

"కత్తెర పక్కన పెట్టేయండి మేడం. చేత్తో చింపాలి."

"కత్తెర చేసిన పాపమేంటి?"

"అంచు మరీ బుద్ధిగా వస్తుందండీ."

"బుద్ధి మీకంత చేదా?"

జిగురు దగ్గరా గొడవే. అందరూ సీసాలోని తెల్ల గమ్ రాసేవారు. ఆ వాసన నాకు పడదు. ఇంట్లో మైదా ఉడికించి డబ్బాలో పట్టుకెళ్ళాను. బొద్దింకలు తినేస్తాయి, నిలవదు అంది ఆ అమ్మాయి. నా బొమ్మలు నిలవాలని ఎవరూ ఏడవడం లేదన్నాను.

మొదటి నెల అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర చేతుల్లో కుక్కే కోచింగ్ పాంప్లెట్లతోనే గడిపాను. ఎరుపు, పసుపు, ఉచిత డెమో. ఎలా చింపినా అవి పాంప్లెట్లలాగే ఉండేవి. "మీ ఇంట్లో వాడి వాడి నలిగిన కాగితం ఏదైనా తెండి" అంది ఆ అమ్మాయి.

మధురానగర్‌లోని మా ఇంట్లో అలాంటివి ఒక్కచోటే ఉన్నాయి: అమ్మ కుట్టుమిషన్ కింద రేకు పెట్టెలో. మా నేతగాళ్ళ ఊరి నుంచి వచ్చినప్పటి నుంచి అమ్మ ఈ కాలనీ ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టింది. ఒక్కొక్కరి కొలతకు పాత పేపరు మీద ఒక కటింగ్ కత్తిరించి, ఎవరిదో రాసి దాచేది. కళ్ళు మందగించాక మిషన్ మీద దుప్పటి కప్పింది. ఆరు నెలలుగా ఆ దుప్పటి తీయలేదు. ఇక అవి చెత్తేనని నేనే తీర్మానించాను. అడగలేదు.

అన్నిటికన్నా పైన ఉన్న కటింగ్ తీశాను. పసుపెక్కిన కాగితం. ముందు భాగం, వెనక భాగం, చెయ్యి, మూడు ముక్కలు. బాల్‌పెన్నుతో అమ్మ రాత: "టీచరమ్మ. ఎడమ భుజం కిందికి." ఆ చంక వంపు అంత నికార్సుగా మా క్లాసులో ఎవరూ గీయలేరు. చింపకుండానే అట్ట మీద అతికించాను, చెయ్యి ముక్కను భుజం మీదికి ఎక్కించి. చుట్టూ పాంప్లెట్ల ఎరుపు.

ఆ అమ్మాయి అట్టను దూరంగా పట్టుకుని చూసింది. "ఇది చింపక్కర్లేదండీ. వచ్చే శనివారం అందరివాటితో పాటు ఇక్కడి మెట్ల గోడ మీద పెడదాం." ఆమె నోట నేను విన్న మొదటి మెచ్చుకోలు అది. అంచులు సరిచేసి తెస్తానని ఇంటికి పట్టుకొచ్చాను.

బుధవారం సాయంత్రం టీచరమ్మ వచ్చింది. వెనక వీధిలో ఉంటుంది, రిటైరయింది. ఎప్పుడో బస్సులోంచి పడి ఎడమ భుజం జారిపోయింది. బయట ఎవరు కుట్టినా ఆ వైపు జాకెట్టు నిలవదు.

"ఆదివారం మనవరాలి పెండ్లి అక్కా. చీర నిన్ననే వచ్చింది. అంతమందిల భుజం ఎగేసుకుంట నిలబడాల్నంటె నామోషీగ ఉంటది. నీ కండ్లకు కష్టమైతదా?"

"కష్టమేంది? టేపు మీద అంకెలు కనబడయి గని, మీ కటింగ్ ఉన్నది గద. తడుముకుంట కోస్త" అని అమ్మ గుడ్డ అందుకుంది. ఆమె వెళ్ళగానే దుప్పటి తీసింది. పెట్టె తెరిచింది.

"ఏమే, టీచరమ్మ కాయితం ఏడపోయింది?"

అట్ట తెచ్చి ఒళ్ళో పెట్టాను. అమ్మ వేళ్ళతో తడిమింది.

"గిదేంది? టీచరమ్మను అట్టకు గొట్టినవా?"

"బొమ్మమ్మా. నువ్వు మిషన్ ముట్టట్లేదు కదా అని..."

"ముట్టకుంటె సచ్చిపోయిన్నా?"

"మళ్ళీ కొలతలు తీద్దాం. టేపు నేను చదువుతా."

"భుజం ఎంత జారిందో టేపు జెప్తదా? నాలుగు జాకెట్లు ఖరాబైనంక కుదిరింది గా కాయితం."

"శనివారం గోడ మీద పెట్టాలి" అన్నాను. అనేశాక ఆ మాట నాకే వినబడింది. అమ్మ అట్టను పక్కన పెట్టింది. గుడ్డను ఒళ్ళో పరిచి, మడతలు నిమురుతూ కూర్చుంది. తిడితే తిరిగి అనేదాన్ని.

బట్టల టబ్బులో నీళ్ళు పట్టి అట్టను ముంచాను. పావుగంటలో మైదా వదిలింది. మూడు ముక్కలూ చిరగకుండా తేలాయి. తువ్వాలు మీద ఆరబెట్టాక అమ్మ ఇస్త్రీ చేసింది. భుజం దగ్గర పాంప్లెట్ ఎరుపు అంటుకుని ఉండిపోయింది. మర్నాడు అమ్మ కాగితం అంచు వెంట వేలు జరుపుతూ గుడ్డ కోసింది. సూదిలో దారం మాత్రం నాతో ఎక్కించుకుంది.

శనివారం ఉబ్బిన ఖాళీ అట్టతో క్లాసుకు వెళ్ళాను.

"బొమ్మేదండీ?"

"నానబెట్టాను."

"అయ్యో! మా గమ్ వాడుంటే ఊడేది కాదు కదండీ."

"అందుకే వాడలేదు" అన్నాను. అబద్ధం. మెట్ల గోడ మీద ఐదు బొమ్మలు వేలాడదీశారు. ఆరో మేకు ఖాళీగా ఉంది.

ఆదివారం పొద్దున టీచరమ్మ పెళ్ళికి పోతూ మా గుమ్మంలో ఆగింది. అమ్మ ఆమెను అటు తిప్పి, ఇటు తిప్పి, రెండు చేతులూ పైకెత్తించి, దించమంది. జాకెట్టు ఎడమ భుజం మీద కదలలేదు. "పో, పైలం" అని పంపించింది.

తర్వాత కటింగ్‌ను మడిచి పెట్టెలో పెట్టి, స్కెచ్ పెన్ను తెమ్మంది. మూత మీద పెద్ద అక్షరాలతో "అడిగి తియ్యాలె" అని నాతోనే రాయించింది.