ఐయామ్ హోమ్ అంటే నేనే ఇల్లు

మా ఆఫీసు సందు మొదట్లో ఇస్త్రీ బండి ఆయన పొద్దున్నే బొగ్గులు రాజేస్తాడు. ఆ పొగ ముక్కుకు తగలగానే నా నడక నెమ్మదిస్తుంది, మరుక్షణమే నా మీద నాకే విసుగొస్తుంది, ఎందుకంటే అది కట్టెబొగ్గు, మా భూపాలపల్లి బొగ్గు వాసన వేరు. క్వార్టర్ల వెనక వరసగా పొయ్యిలు అంటించినప్పుడు లేచే ఆ చిక్కటి పొగ గొంతులో గీరుకునేది, ఆరేసిన స్కూలు డ్రెస్సుకు పట్టేది, వానాకాలంలోనైతే పైకి పోలేక ఇంట్లోకే వచ్చి కూర్చునేది. గనిని మా దగ్గర బాయి అంటారు. మా బాపు ఆ బాయిలోకి దిగేవాడు.

అమ్మ నా రెండో తరగతిలోనే జ్వరమొచ్చి పోయింది. బాపుకు ఎక్కువగా సెకండ్ షిఫ్టు పడేది. నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన దిగిపోయేవాడు, ఆయన పైకొచ్చేసరికి నేను నిద్రపోయేదాన్ని. పక్క క్వార్టర్ రజియా ఖాలా దగ్గర తాళంచెవి తీసుకుని, తలుపు తెరిచి, పుస్తకాల సంచి దించకముందే టీవీ పెట్టేదాన్ని. తెలుగు సినిమాలు నాకు పడేవి కావు. వాటిలో మా మాట మాట్లాడేది ఏ రౌడీయో, నవ్వించడానికి పెట్టిన తాగుబోతో. అందుకే ఇంగ్లిష్ చానెల్లో వచ్చే ఒక హాస్య సీరియల్ చూసేదాన్ని. ఎవరేమన్నా వెనక నుంచి బోలెడుమంది నవ్వేవారు, వాళ్ళు మాత్రం కనిపించేవారు కాదు. ఆ ఇంట్లో మనకు చూపించని గదేదో ఉందని, చుట్టాలంతా అందులో కూర్చున్నారని అనుకునేదాన్ని. ఆ సీరియల్లో నాకు అన్నిటికన్నా ఇష్టం ఆ చుట్టాలే.

కింద ఇంగ్లిష్ అక్షరాలు పడుతుంటే నోట్సు వెనక పేజీల్లో గబగబా ఎక్కించుకునేదాన్ని. సగం అర్థమయ్యేవి కావు, అయినా వాడకుండా ఉండలేకపోయేదాన్ని. ఒకసారి ఖాలా చాయ్ తెస్తే, నాకిది నచ్చదని టీవీలో అన్నట్టే, "ఇట్స్ నాట్ మై కప్ ఆఫ్ టీ" అన్నాను స్టయిలుగా. ఖాలా కప్పును అటూ ఇటూ తిప్పి చూసింది.

"నీదేనే, ఇంకెవల్ది? తాగు, సల్లారుతది."

తాగేశాను.

ఆ సీరియల్లో నాన్న రోజూ తలుపు తీస్తూనే "ఐయామ్ హోమ్" అని కేకవేసేవాడు. వచ్చేశానని చెప్పడమని నాకేం తెలుసు? ఐ అంటే నేను, హోమ్ అంటే ఇల్లు, కాబట్టి నేనే ఇల్లు అని అర్థం చెప్పుకున్నాను. అది నాకు తప్పనిపించలేదు. నేను తలుపు తీసేదాకా మా క్వార్టర్లో పొయ్యి లేదు, దీపం లేదు, మనిషి లేదు. నేను అడుగుపెడితేనే అది ఇల్లు. రోజూ గడప దాటుతూ గట్టిగా అనేదాన్ని. జవాబు వచ్చేది కాదు. ఏడుపొచ్చిన రోజులున్నాయి.

ఆరో తరగతిలో ఉండగా తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూశారు, బాయి ఆగింది. బాపు ఇంట్లో ఉన్నాడు! పొద్దున లేస్తే బాపు, అన్నం తినేటప్పుడు బాపు, మధ్యాహ్నం నులకమంచం మీద గుర్రుపెడుతూ బాపు. బతుకమ్మ రోజులు కావడంతో నన్ను వెంటబెట్టుకుని గునుగుపూవు, తంగేడు కోసుకొచ్చాడు. సద్దుల బతుకమ్మ నాడు రొట్టెలు బెల్లంతో నలిపి మలీద కూడా చేశాడు, కాకపోతే ఆ ముద్దలు గోడకేసి కొట్టినా పగిలేవి కావు. రోజుకు నాలుగైదుసార్లు నేను ఊరికే బయటికెళ్ళి, తిరిగొచ్చి, ఐయామ్ హోమ్ అనేదాన్ని. ఈ రోజెలా గడిచిందని సీరియల్లో అడిగినట్టే అడగమని బాపుకు నేర్పాను.

"హవ్వాజ్ యువర్డే, బిడ్డా?" అనేవాడు బాపు, వెల్లుల్లి ఒలుస్తూ.

నేను చెబుతూ పోయేదాన్ని, ఆయన వింటూ ఉండేవాడు. ఇక అప్పటినుంచి నాకొకటే దిగులు పట్టుకుంది. తెలంగాణ వచ్చిందంటే సమ్మె అయిపోతుంది.

ఒకరోజు చౌరస్తాలో, సమ్మె టెంటు దగ్గర, ఎవరో అన్న నన్ను కుర్చీ మీద నిలబెట్టి మైకు నోటి దగ్గర పెట్టాడు.

"చెప్పు చెల్లె, తెలంగాణ ఎప్పుడు రావాలె?"

"ఇప్పుడే వద్దు" అన్నాను.

ముందు వరసలో కొందరు నవ్వి, మళ్ళీ ఆపేశారు. బాపు నన్ను దింపి రెక్క పట్టుకుని నడిపించాడు.

"ఏందే గట్లన్నవ్? నలుగుర్ల నా ఇజ్జత్ తీస్తివి."

"వస్తె నువ్వు మల్ల బాయికి పోతవ్ గద బాపూ."

బాపు రోడ్డు మధ్యలోనే ఆగిపోయాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని, రెక్క వదిలి చెయ్యి పట్టుకున్నాడు. ఆ పూట మేము చుట్టు తిరిగి, దూరపు తోవన ఇంటికెళ్ళాం.

కొన్నాళ్ళకు సమ్మె విరమించారు. తెలంగాణ ఇంకా రాలేదు, బాపు మాత్రం బాయికి పోయాడు. తర్వాత మూడేళ్ళకు రాష్ట్రమొచ్చినప్పుడు అందరితోపాటు నేనూ గులాల్ చల్లాను, నిజంగానే సంబరపడ్డాను. అప్పుడు కూడా బాపు షిఫ్టులో ఉన్నాడు. రిటైరు కావడానికి రెండేళ్ళుందనగా గుండెనొప్పితో పోయాడు.

ఇప్పుడు ఇంగ్లిష్‌లోనే నా ఉద్యోగం. మేమున్న క్వార్టర్ల వరస లేదు, ఆ పొయ్యిలు లేవు, రజియా ఖాలా కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. మైకు ముందు అలా అన్నానని తెలిసినవాళ్ళు ఇప్పటికీ ఆటపట్టిస్తారు, నవ్వి ఊరుకుంటాను. సిగ్గుపడాలని ఎన్నిసార్లు అనుకున్నా నావల్ల కాలేదు. ఆ సమ్మె తర్వాత, బతికున్నన్నాళ్ళూ, అన్ని రోజులు వరసగా బాపు మళ్ళీ నా దగ్గర లేడు.