పద్నాలుగు ఈజ్ టు ఇరవై

లెక్కల మాస్టారు ఏళ్ల తరబడి పిల్లల చెవిలో ఇల్లు కట్టుకుని పోరే మాట ఒక్కటే: "పెద్ద అంకె కనబడగానే నోరెళ్లబెట్టకండర్రా! ముందు కనిష్ఠ రూపానికి తెండి, ఆ తర్వాతే పోల్చండి." రోజుకోసారి ఆ మాట అనకపోతే ఈయనకి అన్నం సహించదని ఇంట్లో ఆయన భార్య వేళాకోళం చేస్తుంది.

ఆ రోజు ఏడో తరగతిలో పాఠం కూడా అదే. "ఎంతసేపూ నేనేనా? మీరే రెండు నిష్పత్తులు రాసి పోల్చండి. ఎవరొస్తారు?" అన్నారు. ఎన్నడూ చెయ్యెత్తని దర్జీ కూతురు లేచి, బోర్డు మీద 9 : 12 అనీ, 14 : 20 అనీ రాసింది. మొదటిది 3 : 4 అయింది, రెండోది 7 : 10. రెండింటికీ రెండో అంకె ఇరవయ్యే ఉండేలా మార్చితే 15 : 20, 14 : 20 వచ్చాయి.

"మొదటిదే పెద్దది సార్."

"శభాష్! ఈ అంకెలెక్కడ పట్టావమ్మా?"

"పోటీకి ఎంపిక పరీక్ష పెట్టారు కద్సార్. పన్నెండింట్లో తొమ్మిది నావి. ఇరవైలో పద్నాలుగు మన క్లాసు గలగలవి."

మాస్టారి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. లెక్కల పోటీకి బడి నుంచి ఒక్కరే వెళ్లాలి. ఇరవై ప్రశ్నల పరీక్ష నాడు దర్జీ కూతురికి జ్వరం. కోలుకుని వచ్చాక పన్నెండు ప్రశ్నలతో వేరే పేపరిచ్చారు. దిద్దినప్పుడు పద్నాలుగెక్కడ, తొమ్మిదెక్కడ అనుకుని, వాగుడుకాయ అని అందరూ గలగల అని పిలిచే పిల్ల పేరు ఇచ్చేశారు. పోటీ రేపే!

అప్పుడైనా ఒప్పుకున్నారా? లేదు. "సరే సరే, కూర్చో" అని గబగబా బోర్డు తుడిచేశారు. స్టాఫ్ రూములోకి వచ్చి పడ్డాక ఆ తుడవడమే ఆయన్ని ఎక్కువ కాల్చుకు తింది. తప్పు సరే, పసిపిల్ల ముందు దాన్ని దాచుకోవడమేమిటి? ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకున్నారు.

లేచి హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్లారు. "పోటీకిచ్చిన పేరు మార్చాలండీ. నేను లెక్క తప్పాను."

"మీరా!" అని ఆవిడ పకపకా నవ్వి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది. సంగతంతా విన్నాక, "సాయంత్రం దాకా మార్చొచ్చు" అంది.

"ఇద్దర్నీ పంపలేమా?"

"ఒక్కరికే చోటు మాస్టారూ. గలగలకి మాత్రం మీరే చెప్పుకోవాలి."

ఆఖరి పీరియడ్లో, తరగతి అందరి ఎదుటా చెప్పారు. "పెద్ద అంకె చూసి మోసపోయాను. పొద్దున అది తెలిసి కూడా బోర్డు తుడిచేశాను. వెళ్లాల్సింది దర్జీగారమ్మాయి."

దర్జీ కూతురు కంగారుపడిపోయింది. "అయ్యో, నేనందుకు రాయలేద్సార్. దాన్నే వెళ్లనీండి."

"కాదమ్మా, నువ్వే వెళ్లాలి."

గలగల లేచి నిలబడింది. కళ్లనిండా నీళ్లు. "మా ఇంట్లో అందరికీ చెప్పేశాన్సార్. రేపు నాన్న సెలవు కూడా పెట్టారు. నేనేం తప్పు చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు తల్లీ" అన్నారు మాస్టారు. బెల్లు కొట్టేదాకా ఆ పిల్లలందరి ముందూ తల వంచుకుని నిలబడ్డారు.