నా కోటు మీది రఫ్ఫు

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇద్దరు వీరులు, ఒకే సింహాసనం, మధ్యలో ఒక తల్లి.

నిజానికి అంత లేదు. నేనూ, నా దోస్తూ ఇబ్రహీంపట్నంలో డిగ్రీ చివరి ఏడాది, ఒకే బెంచీ. సింహాసనమంటే సిటీలోని ఒక ల్యాబ్‌లో నెల రోజుల ట్రైనింగ్. మా కాలేజీకి ఒక్కటే సీటు. రసాయనాల వల్ల దెబ్బతిన్న డీఎన్ఏను మన కణాలు ఎలా బాగుచేసుకుంటాయో ఎవరు బాగా చెబితే వాళ్లకది.

ఆ సీటు కోసం మూడు రోజులు జోకులు మానేశాను. జ్వరమేమోనని అమ్మ నుదురు పట్టుకుని చూసింది.

ముందు నేనే మాట్లాడాను. పంక్చర్ షాపు ఉదాహరణ ఎత్తుకున్నాను: ట్యూబుకు చిల్లు పడితే పైన ప్యాచ్ అతికిస్తారు, కణమూ అంతే. క్లాసు నవ్వింది. సార్ నవ్వలేదు.

"మరి చెడిపోయిన ముక్క లోపల్నే ఉంటదా? దాన్ని తియ్యరా?"

నా ట్యూబులో గాలి అక్కడే పోయింది.

తర్వాత నా దోస్తు లేచాడు. బోర్డు దగ్గరికి పోకుండా నా దగ్గరికి వచ్చాడు.

"అరేయ్, జర లేచి నిలబడు."

నిలబడ్డాను. ప్రాక్టికల్స్‌లో యాసిడ్ పడి కాలిన నా తెల్ల కోటు జేబు మీద వేలు పెట్టాడు. అమ్మ అక్కడ రఫ్ఫు చేసింది.

"సార్, వీళ్లమ్మ దీని మీద గుడ్డ అతికియ్యలే. కాలిన దారాలు కత్తిరించి తీసేసింది. కోటు లోపలి మడతల నుంచి దారం గుంజి, పక్క నేత చూసుకుంట ఒక్కొక్క పోగు నింపింది. డీఎన్ఏకు రెండు పోగులుంటయి గద? ఒక ఎంజైమ్ చెడిన అక్షరాన్ని తీసేస్తది. ఇంకోటి ఎదురు పోగును చూసి సరైన అక్షరం పెడ్తది. ఆఖర్ల ఒకటి కొసలు కలుపుతది. గంతే."

సీటు వాడికే వచ్చింది. యాసిడ్ నాది, కోటు నాది, అమ్మ నాది. నేను మాత్రం వాడికి బ్లాక్‌బోర్డునయ్యాను.

ఇంటికి పోగానే అమ్మను నిలదీశాను. "వానికెందుకు చెప్పినవమ్మా?"

"నోట్సుకని వచ్చినప్పుడు పక్కన కూసుండి ఎట్ల చేస్తున్నవని అడిగిండు, చెప్పిన. నువ్వు ఫోన్ చూసుకుంట, ఇంకెంతసేపు అని అడిగినవ్."

ఆ రోజు అన్నం సహించలేదని రాసుకుందామనుకున్నాను. కానీ రెండుసార్లు పెట్టించుకున్నాను.

వారానికి వాడు మళ్లీ వచ్చాడు. వాడి కోటువి పొట్టి చేతులట, ల్యాబ్‌లోకి నిండు చేతులుంటేనే రానిస్తారట. నేను సాకులు వెతుక్కునే లోపే అమ్మ కోటు మడతపెట్టి వాడి చేతిలో పెట్టింది.

నెల రోజులు నా కోటు పొద్దున్నే బస్సెక్కి ల్యాబ్‌కు పోయింది. నేను వాడి మీద కుళ్లుకోవడం మానేసి కోటు మీద మొదలుపెట్టాను.

తిరిగొచ్చినప్పుడు రఫ్ఫు చెక్కుచెదరలేదు. కోటు మాత్రం లేత గులాబీ రంగులో ఉంది. తెల్ల బట్టలను ఎర్ర తువ్వాలుతో కలిపి నానబెట్టకూడదని మాత్రం వాడు అమ్మనడిగి తెలుసుకోలేదు.