రైలెక్కని సెలవులు

మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో మేమున్న వరుసలో ఎండాకాలం వస్తే సగం ఇళ్లకు తాళాలు పడేవి. అందరికీ రైలు పాసులుండేవి. ఒకరు సిమ్లా వెళ్లేవారు, ఇంకొకరు కన్యాకుమారి. తిరిగొచ్చి మా అమ్మకు గవ్వలో, యాపిల్ పండ్లో ఇచ్చేవారు. మా నాన్న గూడ్స్ బండి డ్రైవరు. పాసులు మాకూ వచ్చేవి. వాడకుండానే వాటి గడువు తీరిపోయేది.

"సెలవంటే బండి మొకం చూడకుంట ఉండుడే," అనేవాడు నాన్న. సెలవు రోజుల్లో ముందు గదిలో చాప మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఎంత బద్ధకమో అనుకునేదాన్ని. సెలవుల గురించి రాయమని స్కూల్లో చెప్పినప్పుడు, పక్కింటివాళ్లు చూసిన సిమ్లాను నేనే చూసినట్టు ఒక పేజీ నింపాను.

నా పదో తరగతి పరీక్షలయ్యాక అమ్మ పట్టుబట్టింది.

"ఒక్కసారన్న సముద్రం సూపియ్యవా? ఎప్పుడు వాళ్లు వీళ్లు తెచ్చిన గవ్వలు చూసుకుంట కూసోవాల్నా?"

నాన్న చాప మీద ఇటు తిరిగాడు. చివరికి, "సరే, పొద్దుగాల్ల బండికి పోదాం," అన్నాడు.

సికింద్రాబాద్‌లో విశాఖపట్నం బండి ఎక్కాం. అమ్మ కొత్త చీర కట్టుకుంది. నాన్న కిటికీ సీటు నాకిచ్చి, తను బయట ఏమీ కనబడని చోట కూర్చున్నాడు. ఇంజను కూత వేసినప్పుడల్లా ఆయన కాలివేళ్లు చెప్పుల్లో బిగుసుకునేవి. బండి కదిలిన కొద్దిసేపటికే అది గమనించాను.

డోర్నకల్ దాటాక బండి ఒక్కసారిగా బ్రేకు పడి ఆగింది. సిగ్నల్ అన్నారు కొందరు, ఎవరో గొలుసు లాగారన్నారు ఇంకొందరు. నాన్న లేచి నిలబడ్డాడు.

"సిగ్నల్ గాదు. ఎవరో బండి కింద పడ్డరు."

అమ్మ చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని దిగి, ఎండలో పట్టాల పక్కన కంకర మీద ఇంజను వైపు నడిచాడు. అరగంట తర్వాత తిరిగొచ్చేసరికి ఆయన చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"డ్రైవరు కొత్తాయన. సీట్లకెల్లి లేస్తలేడు. జెర నీళ్లు తాపి, పక్కన కూసున్న," అన్నాడు. పట్టాల మీద ఏం చూశాడో చెప్పలేదు.

ఖమ్మం రాగానే సంచి తీసుకుని లేచాడు.

"ఇంత దూరమొచ్చి?" అంది అమ్మ.

"మీరు పోండ్రి. నాతోని గాదు."

ముగ్గురం దిగాం. బస్టాండుకు వెళ్లి హైదరాబాద్ బస్సెక్కాం. సూర్యాపేట రాకముందే నాన్న నోరు తెరుచుకుని నిద్రపోయాడు. అంత గాఢంగా నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు. సముద్రం ఊసు ఆ తర్వాత మా ఇంట్లో రాలేదు.

కొన్ని రోజులకు బియ్యం ఏరుతూ అమ్మ నాకు చెప్పింది.

"ఆయన బండి కింద ముగ్గురు పోయిండ్రే. ఒకామె చంకల పిల్లతోని పట్టాల మీద నిలబడ్డది. బ్రేకు ఏసినా బండి ఆగదు గదా. ఆయన చూసుకుంటనే ఉండాలె. నాకు సుత ఒక్కసారే చెప్పిండు."

ఆ తర్వాతయినా నాన్న దగ్గరికి వెళ్లి నేనేమీ అనలేదు. రిటైరైన రెండేళ్లకు ఆయన పోయాడు.

నా భర్తది రాంగోపాల్‌పేట్‌. వాళ్లది స్టీలు సామాన్ల దుకాణం. ఏడాదంతా తెరిచి ఉండే ఆ దుకాణాన్ని మే నెలలో ఒక్క వారం మూసి, మా మామగారు ఇంటిల్లిపాదినీ రైలెక్కించేవారట. పై బెర్తు కోసం కొట్లాటలు, పేకాట, చేతిలోంచి చేతికి మారే పూరీలు. తన చిన్నతనంలోని సంతోషమంతా ఆ వారంలోనే ఉందంటాడు మా ఆయన. పెళ్లయిన మొదటి వేసవిలో నాకు చెప్పకుండా సముద్రం పక్కనున్న పూరీకి రైలు టికెట్లు తెచ్చాడు. నేను నాన్న సంగతి చెప్పి, రైలెక్కలేనన్నాను. విని, టికెట్లు రద్దు చేసి, శ్రీశైలం బస్సు ఎక్కించాడు.

తర్వాతి వేసవులన్నీ అలాగే గడిచాయి. బస్సు, కాకపోతే విమానం. ఒకసారి విమానాశ్రయంలో కూర్చుని, "ఇది పోవుడే గని ప్రయాణం గాదు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లొచ్చాయి. నిరుడు నన్నడిగింది. "అమ్మా, ట్రైన్‌ల పడుకుంటే ఊయల లెక్క ఊగుతదంట, నిజమేనా?"

నాకు తెలియదు.

"ఒక్కసారి రా. నేను పక్కనే ఉంట," అన్నాడు మా ఆయన. సరేనన్నాను. ప్లాట్‌ఫాం దాకా వెళ్లాను. బండి వచ్చి ఆగింది. ఆయన పాపను ఎక్కించి నాకు చెయ్యి అందించాడు. నా కాలు లేవలేదు. వెనక జనం తోస్తున్నారు. "మీరు పోండి," అన్నాను. చిలకలగూడలోని మా ఇంటికి ఒంటరిగా నడిచొచ్చాను.

ఈ ఏడు ఆయన నన్నడగలేదు. రెండే టికెట్లు తీశాడు. పాప బ్యాగు సర్దుకుంటుంటే నాకు తెలిసింది. దాని గౌన్లు ఇస్త్రీ చేశాను, దారిలోకి చపాతీలు చేసి కట్టాను. ఆటో వచ్చింది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఆయన, "గ్యాస్ ఇయ్యాల వస్తదేమో, ఫోన్ దగ్గర పెట్టుకో," అన్నాడు.

సరేనన్నాను. పాప అప్పటికే ఆటోలో కూర్చుని, తొందరగా రమ్మని వాళ్ల నాన్నను పిలుస్తోంది.