రెండో గ్లాసు

మొన్న మా నెల్లూరు గుడిలో, యేసును తలచుకుంటూ అందరం రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్లకు రసం సీసా తేవడం మరిచిపోయి, అప్పటికప్పుడు ఎవరో ఎండుద్రాక్ష ఉడకబెట్టి రసం తీశారు. కాస్త అడుగంటినట్టుంది. ఆ తియ్యటి మాడువాసన ముక్కుకు తగలగానే ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచేశాను. ఎనభై ఏళ్ళదాన్ని, తెరవకూడదని తెలియక కాదు. రాహేలమ్మ గారు పక్కన నిలబడ్డారేమో అనిపించింది.

అరవైల మొదట్లో జువ్వలదిన్నెకు దగ్గర్లోని ఒక పల్లెలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. రాహేలమ్మ గారు అక్కడి సంఘంలో బైబిలు స్త్రీ. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పడం, ప్రార్థన చేయడం ఆవిడ పని. తెల్లచీర, నల్లగొడుగు, రెండు సంచులు. ఒక సంచిలో బైబిలు, పాటల పుస్తకం ఉండేవి. రెండో దాంట్లో బియ్యం, చింతపండు, పుండ్లకు కట్టే ఉతికిన పాతగుడ్డలు. ఆవిడ పాట ఎత్తుకుంటే శ్రుతి ఆమడ దూరం పారిపోయేది, గొంతు మాత్రం సముద్రాన్ని మించేది. సెలవురోజుల్లో నన్నూ వెంట తిప్పేవారు. ఒక ఇంట్లో రెండో సంచి ముందు తెరిస్తే, “ముందు వాక్యం చదవరా అమ్మగారూ?” అని అడిగాను. “పొయ్యి రాజేసినాక చదువుదాంలే టీచరమ్మా. కడుపు కాలేటోళ్ళకి దేవుడి మాటైనా చెవికెక్కదు” అన్నారు.

ఆ పల్లెలోనే సుగుణమ్మ ఉండేది. పెద్దరోగం వచ్చిందని ఆమెను కుష్ఠు ఆసుపత్రికి పంపితే, రెండేళ్ళు మందులు మింగి, నయమైపోయింది, ఇక ఎవరికీ అంటుకోదని డాక్టరు రాసిచ్చిన కాగితంతో తిరిగొచ్చింది. కుడిచేతి వేళ్ళు రెండు వంకర్లు పోయాయి, అంతే. వచ్చిన రోజే రాహేలమ్మ గారి దగ్గర కూర్చుని, “ఇండ్లలోకి రానీకపోయినా పర్లేదమ్మా, బల్ల దగ్గరికి రానిస్తే చాలు” అని ఏడ్చింది. మా గుడిలో అందరికీ ఒకటే గిన్నె. పాస్టరు అయ్యగారు చేతికిస్తే ఒకరి తర్వాత ఒకరు తాగాలి. సంఘపెద్ద ఏసోబు తాత, “కాగితం సంగతి డాక్టరుకు తెలుసు, జనానికి తెలుసునా? ఆయమ్మను వరండాలో కూర్చోబెడదాం. లేకుంటే సగంమంది రారు” అన్నాడు. రాహేలమ్మ గారు ససేమిరా ఒప్పుకోలేదు. అయ్యగారు మధ్యలో నలిగిపోయారు.

ఆ నెల బల్ల సర్దే పని నాకు అప్పగించారు. ఎండుద్రాక్ష ఉడికిస్తూ ఒక ఉపాయం ఆలోచించాను. ఆ ఆలోచనలో పడే రసం అడుగంటించాను. అందరూ తాగే గిన్నె పక్కన మా ఇంటి ఇత్తడి గ్లాసు తళతళా తోమి పెట్టాను. సుగుణమ్మకు విడిగా అందులో ఇస్తే సరి అని అయ్యగారికి చెప్పాను. ఆమె గుడి లోపలే ఉంటుంది, జనమూ వస్తారు. పాము చావదు, కర్రా విరగదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆదివారం సుగుణమ్మ వంతు వచ్చింది. అయ్యగారు ఇత్తడి గ్లాసు తీశారు. ఆమె దాన్ని చూసింది, అందరి గిన్నెనూ చూసింది. గ్లాసు అందుకోలేదు. ముందుకు వంగి, నోటి దగ్గర దోసిలి పట్టింది, పైనుంచి పొయ్యమన్నట్టు.

ఆ దోసిలి తెలియనివాళ్ళు మా సంఘంలో ఎవరూ లేరు. ఊళ్ళో కాఫీ హోటలు ముందు, మోతుబరుల పెరట్లో మేమంతా అట్లా వంగి నీళ్ళు తాగినవాళ్ళమే. మా తాత తాగాడు, మా నాన్న తాగాడు, చిన్నప్పుడు నేనూ తాగాను. తాగినదాన్నే ఆ గ్లాసు పెట్టాను.

“అయ్యగారూ, ఒక్క నిమిషం” అంటూ రాహేలమ్మ గారు లేచారు. సుగుణమ్మ దోసిలి విడదీసి, ఆ వంకర వేళ్ళ మధ్య అందరి గిన్నె పెట్టి, ఆమె తాగేదాకా పట్టుకున్నారు. తర్వాత అదే అంచున తాను తాగారు. మా వైపు తిరిగి, “ఊరు మనల్ని బయటనే ఉంచింది. లోపలికి రమ్మన్నాడనే గదా ఆయన దగ్గరికి వచ్చినాం. ఇప్పుడీ గుడికి గూడా ఒక బయట కట్టినామా?” అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగారు.

తర్వాతి వంతు నాది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నా కాళ్ళు కదల్లేదు. మగవాళ్ళ వైపు నుంచి ఏసోబు తాత కర్ర పట్టుకుని లేచి వచ్చాడు. “జరుగమ్మా” అని నన్ను తప్పించుకుని వెళ్ళి తాగాడు. ఆయన వెనక ఒక్కొక్కరే లేచారు. నలుగురైదుగురు బయటికి వెళ్ళిపోయారు, వాళ్ళలో ఇద్దరు మళ్ళీ రానేలేదు. నేను ఆఖరున తాగాను.

గుడి వదిలాక గ్లాసు కొంగు చాటున పెట్టుకుని జారుకోబోతుంటే రాహేలమ్మ గారు పిలిచారు. తిడతారనుకున్నాను. “మంచిదనుకునే పెట్టినావు, నాకు తెలుసులే. దాన్ని పారెయ్యబాకు టీచరమ్మా. ఇంటికొచ్చినోళ్ళకి దాంట్లోనే నీళ్ళియ్యి. నువ్వూ దాంట్లోనే తాగు” అన్నారు. తిట్టినా అంత ఏడ్చేదాన్ని కాదు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మా గుడిలో మనిషికొక చిన్న ప్లాస్టిక్ గ్లాసు ఇస్తున్నారు. శుభ్రమే, నేను తప్పు పట్టను. ఇత్తడి గ్లాసు మాత్రం మా వంటింటి గూట్లోనే ఉంది. నిన్న మురుగుకాలవ తీయడానికి వచ్చినతను మంచినీళ్ళడిగాడు. నా చేయి ముందు ఒక మూలనున్న పాత ప్లాస్టిక్ గ్లాసు వైపే పోయింది. ఇన్నేళ్ళయినా ముందు అటే పోతుంది. చేయి వెనక్కి తీసుకుని ఇత్తడి గ్లాసు అందుకున్నాను. నీళ్ళతో గుమ్మంలోకి వచ్చేసరికి అతను మెట్ల కింద దోసిలి పట్టి వంగి ఉన్నాడు.

“దోసిలి తియ్యి నాయనా, గ్లాసు పట్టుకో” అన్నాను. అతను తాగి ఇచ్చాక, అదే గ్లాసులో నేనూ తాగాను.